స్పామ్ డబ్బాలో పడుతున్న బేరాలు

తేజ మిర్చికి టన్ను ధర కట్టి, సాయంత్రం 5 గంటల వరకే ఈ మాటకు కట్టుబాటు అని గుంటూరు ఎగుమతిదారు ఒకరు ఢాకాకు ఈ-మెయిల్ పంపారనుకుందాం. జవాబు రాదు. గిరాకీ లేదని భావించి ఆయన కొంత తగ్గించి సరుకు మరొకరికి ఇచ్చివేస్తారు. అవతలి వర్తకుడు గుంటూరు నుంచి ఆఫరే లేదని వేరొకచోట కొంటాడు. ఈ-మెయిల్ చేరింది, కానీ స్పామ్ డబ్బాలో పడింది. ఉభయులూ నష్టపోయినట్లు ఉభయులకూ తెలియదు.

మోసపు ఈ-మెయిళ్ల బెడద నిజమే. బ్యాంకు ఖాతా మారిందని దొంగ ఉత్తరం రాసి సొమ్ము కాజేసేవారు ఉన్నందున వడపోత ఉండవలసిందే. అయితే కొత్త చిరునామా, ధర, ఖాతా నంబరు, జతపరచిన ఇన్వాయిసు... దొంగ ఉత్తరానికి ఏవి గుర్తులో నిఖార్సయిన కొటేషన్‌కూ అవే గుర్తులు. జల్లెడ మరీ బిగించితే తాలుతోపాటు గింజ కూడా పోతుంది.

చిన్న సంస్థలకు చిక్కు మరింత ఎక్కువ. ఒకే మెయిల్ సర్వర్‌ను అనేక సంస్థలు పంచుకుంటాయి. అందులో ఒకరు చెత్త పంపితే ఆ సర్వర్ నంబరే నిషేధ జాబితాకు ఎక్కుతుంది. ఒక కొట్టులో కల్తీ దొరికిందని బజారంతటికీ తాళం వేసినట్లున్నది ఈ పద్ధతి.

ఇటువంటి అతి జాగ్రత్త ఫలితం మన దేశం 2021 మార్చి 8న ఎస్సెమ్మెస్‌ల విషయంలో చూసింది. నమోదుకాని సందేశాలను టెలికాం సంస్థలు ఆపివేయడంతో బ్యాంకుల ఓటీపీలు సైతం నిలిచిపోయాయి. మరునాడే ట్రాయ్ ఆ నిబంధన అమలును 7 రోజులపాటు ఆపవలసి వచ్చింది. అక్కడ గగ్గోలు పుట్టింది కాబట్టి దిద్దుబాటు జరిగింది. స్పామ్ డబ్బాలో పడిన కొటేషన్‌కు గగ్గోలు పెట్టేవారే లేరు.

అనుమానం కలిగిన ఈ-మెయిల్‌ను సర్వర్ వాకిటనే కారణం చెప్పి తిప్పికొట్టవచ్చు. పంపినవారికి కబురు అందుతుంది, వారు ఫోనయినా చేసుకుంటారు. చప్పుడు లేకుండా మింగివేయడం కన్న ఇది నూరుపాళ్లు మెరుగు. సేవలందించే కంపెనీలు ఇందుకు పూనుకోవాలి.

ఈలోగా వర్తకులు చేయదగిన పనీ ఉన్నది. జీమెయిల్‌కు ఉత్తరాలు పంపేవారికి ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ధ్రువీకరణ ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. సొంత పేరుతో మెయిల్ నడిపే ఏజెన్సీలు తమకు అది ఉన్నదో లేదో విచారించుకోవడం మేలు. ఆఫర్ పంపిన వెంటనే ఒక ఫోన్, వేలం మొదలయ్యే ముందు స్పామ్ డబ్బాపై ఒక చూపు అవసరం. జీమెయిల్‌లో ఆ డబ్బాలోనివి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి.