వేసవి విహారం - సంచులకు కాపలా ఎవరు?

పాఠశాలలకు సెలవులు ఇవ్వగానే ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లోని మన ఇళ్లలో ఏటా ఒక చర్చ మొదలవుతుంది. కువైట్ నుంచో సౌదీ నుంచో సెలవు మీద వచ్చిన తండ్రి ఏడాది పొడవునా ఫోనులో పిల్లలకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. చిన్నవాడు చెన్నై అంటాడు. అమ్మాయి హైదరాబాదు అంటుంది. పక్కింటివాళ్లు బెంగుళూరు వెళ్లొచ్చారు కనుక తామూ అక్కడికే వెళ్లాలని ఇంకొకరి పట్టు. పూర్వం ఈ చిక్కు లేదు. వేసవి అంటే నానీ వాళ్ల ఊరు, దారిలో ఏ.ఎస్.పేట దర్గా, కుదిరితే కసుమూరు, ఇంటికొచ్చాక మామిడిపళ్లు. ఇప్పటి పిల్లలకు సెలవులంటే రోలర్ కోస్టర్, అలల కొలను, జారుడుబండలు. కాలం మారింది, దాన్ని తప్పు పట్టి ప్రయోజనం లేదు.

అసలు ఇలాంటి చోట్లకు వెళ్లడమే దీన్‌కు విరుద్ధమని వాదించే పెద్దలు మనలో ఉన్నారు. వారి ఆందోళనలో కొంత నిజం ఉంది. కాని వినోదాన్నే పాపంగా చూడటం మన ధర్మం నేర్పినది కాదు. ఈద్ రోజున మస్జిదె నబవీలో హబషీ యువకులు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, హజ్రత్ ఆయిషా (ర) చూడాలని ముచ్చటపడ్డారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆమెకు అడ్డుగా నిలబడి చూపించారు. ఆమెకు తనివి తీరేవరకూ అలాగే నిలబడ్డారు. ప్రయాణంలో ఆమెతో పరుగు పందెం వేసిన సంగతి కూడా హదీసు గ్రంథాల్లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నాళ్లకు మళ్లీ పరుగెత్తినప్పుడు ప్రవక్త (స) గెలిచారు. ఈ రెండు సంఘటనల్లోనూ ఆనందం పొందింది ఎవరో పాఠకులు గమనించాలి. ఇంట్లోని స్త్రీ. ఆమెను ఒక పక్కన కూర్చోబెట్టి మగవారు ఆడుకోలేదు.

ఇక్కడే మేము ఒక మాట అడగదలచుకున్నాం. మనవాళ్లు వెళ్లిన ఏ పార్కులోనైనా ఒక గంటసేపు నిలబడి చూడండి. చెట్టు నీడన, సిమెంటు బెంచీ మీద, బుర్ఖా వేసుకున్న ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది. ఆమె చుట్టూ నాలుగైదు సంచులు, చెప్పులు, నీళ్ల సీసాలు, ఒళ్లో పసిపిల్ల. పక్కన అత్తగారు, ఒక్కోసారి పదమూడు పద్నాలుగేళ్ల ఆడపిల్ల. మగవారు, మగపిల్లలు తడిసి వచ్చి తువ్వాలు తీసుకుని, మళ్లీ వెళతారు. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆమె చేసిన విహారం ఇదే. ఆమెకూ టిక్కెట్టు కొన్నారు. ఇంట్లో వంటైనా తప్పిందా అంటే అదీ లేదు, ఫజర్‌కు ముందే లేచి పులిహోర కలిపి, పరాటాలు కాల్చి ఆ సంచుల్లో సర్దింది ఆమే.

ఈ థీమ్ పార్కులు అసలు ఎందుకు పుట్టాయో తెలిస్తే ఇది మరీ విడ్డూరంగా అనిపిస్తుంది. అమెరికాలో వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కితే తాను బెంచీ మీద ఊరికే కూర్చోవలసి వచ్చేది. పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఎందుకు ఉండకూడదన్న ఆలోచన తనకు ఆ బెంచీ మీదే వచ్చిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. 1955 జులైలో డిస్నీలాండ్ ప్రారంభమైంది. బెంచీ మీద ఎవరూ మిగిలిపోకూడదని పుట్టిన చోటులో మన ఇల్లాలు మాత్రం ఇంకా బెంచీ మీదే ఉంది.

కాబట్టి చెన్నైయా, హైదరాబాదా, బెంగుళూరా అని తేల్చుకునే ముందు, మన కుటుంబంలో బెంచీ మీద మిగిలేది ఎవరు అని లెక్క వేసుకోవాలి. ఆ లెక్కను బట్టి చోటు ఎంచుకోవాలి. ఎన్ని రైడ్లు ఉన్నాయి, ఎంత ఎత్తు నుంచి పడేస్తారు అన్నవి తర్వాతి సంగతి.

ముందు నీటి పార్కుల విషయం చూద్దాం. ఎండలు మండే మే నెలలో అందరి మనసూ నీటి మీదికే పోతుంది. కాని పెద్ద పార్కుల్లో కొలనులోకి దిగాలంటే నైలాన్ వంటి సింథటిక్ దుస్తులే వేసుకోవాలి. చీర, నూలు సల్వార్ కమీజు కుదరవు. ఇది మన మీద కక్షతో పెట్టిన నియమం కాదు. అక్కడి నీటిని వడపోసి మళ్లీ మళ్లీ వాడతారు. నూలు పోగులు, బట్టల రంగు వడపోత యంత్రాల్లో చేరి పాడు చేస్తాయి. తడిసి బరువెక్కిన బట్ట జారుడుబండ మీద చుట్టుకుంటే ప్రమాదం కూడా. ఒళ్లంతా, తల కూడా కప్పే ఈతదుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. బుర్కినీ అనే పేరుతో 2004లో ఆస్ట్రేలియాలో ఒక ముస్లిం మహిళే రూపొందించారు. అది వేసుకుంటే అనుమతిస్తారా అని వెళ్లే ముందే ఫోను చేసి అడగాలి. గేటు దగ్గరికి వెళ్లాక అడిగితే, కాదన్నప్పుడు ఆ ఆడపిల్ల ముఖం చూడలేం. అనుమతించినా, ఆడామగా కలిసి మునిగే అలల కొలనులోకి మన స్త్రీలు దిగడానికి మనసొప్పదు, ఒప్పకపోవడంలో తప్పూ లేదు. అలాంటప్పుడు ఆ కుటుంబం నీటి పార్కును ఎంచుకోవడం దేనికి? మగపిల్లల కోసమే అయితే తండ్రి వారిని ఒకరోజు విడిగా తీసుకెళ్లవచ్చు. కుటుంబ విహారం అని పేరు పెట్టనక్కర లేదు.

బుర్ఖా గురించి ఇంకొక మాట. కొన్ని యంత్రాల మీద ఎక్కేటప్పుడు బుర్ఖా, దుపట్టా తీసి రమ్మంటే మనవాళ్లు అవమానంగా భావించి గొడవకు దిగుతారు. 2020లో హైదరాబాదు శివార్లలో గో-కార్టు చక్రంలో జుట్టు చిక్కుకుని ఒక విద్యార్థిని ప్రాణాలు పోయాయి. వేలాడే బట్టకూ అదే ముప్పు. వదులు బట్ట కుదరని చోట బిగుతుగా పిన్ను పెట్టిన స్కార్ఫు, పొడుగు కుర్తా సరిపోతాయి. అదీ కాదంటే ఆ రైడు వదిలేయాలి. రంగులరాట్నం, బొమ్మ రైలు, బోటు షికారు, జెయింట్ వీలు వంటివి ఎన్నో ఉంటాయి. అన్నట్టు, నగరాల్లో ఇప్పుడు కృత్రిమ మంచు గదులు వచ్చాయి. అక్కడ లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరికీ, ఏ మతం వారైనా, మెడ నుంచి మోకాళ్ల దాకా కోటు, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు ఇచ్చి పంపుతారు. మన ఆడవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండని వినోదం అదొక్కటే అని మా ఇంట్లో నవ్వుకుంటాం.

చెన్నై మనకు దగ్గర. నెల్లూరు దాకా బస్సు, అక్కడి నుంచి రైలులో మూడు గంటలు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వి.జి.పి., ముట్టుకాడు దగ్గర ఎం.జి.ఎం. డిజ్జీ వరల్డ్ మన తరం నుంచి తెలిసినవే. 2025 డిసెంబరులో పాత మహాబలిపురం రోడ్డు వైపు వండర్‌లా కూడా తెరిచారు. హైదరాబాదులో రావిర్యాల దగ్గరి వండర్‌లా 2016 నుంచి ఉంది, రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది. బెంగుళూరుకు కూడా అలాంటి పార్కు కోసం వెళ్లేవారున్నారు గాని, ఇంత దగ్గరలో ఉన్నాక అంత దూరం ఎందుకో మాకు అర్థం కాదు.

నానీ, దాదీ వంటి పెద్దవారు వెంట ఉంటే ఫిల్మ్ సిటీలో ఒక సౌకర్యం ఉంది. చాలా భాగం బస్సులో కూర్చుని చూడవచ్చు. అయితే దిగినచోటల్లా ఎండలో నడక తప్పదు. మేలో మోకాళ్ల నొప్పులున్నవారికి అది పరీక్షే. దూరం కూడా ఎక్కువ, రాత్రంతా రైలు. కాని హైదరాబాదు వెళ్లినవారికి పార్కుతోనే పని అయిపోదు. చార్మినార్, మక్కా మస్జిదు, సాలార్జంగ్ మ్యూజియం అన్నీ పాతబస్తీలో దగ్గర దగ్గరే. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, మరచిపోవద్దు.

మా అభిప్రాయం అడిగితే, పెద్దలూ ఆడపిల్లలూ ఉన్న మన ప్రాంతపు కుటుంబానికి చెన్నై రెండు రోజులు మేలు. ఒకరోజు నీళ్ల కన్నా యంత్రాల ఆటలు ఎక్కువగా ఉన్న పార్కు. రెండో రోజు ఖర్చు లేనిది. ట్రిప్లికేన్‌లో 1795లో కట్టిన వాలాజా పెద్ద మస్జిదు, అక్కడికి దగ్గరలోనే మెరీనా బీచి. ఆ మస్జిదు నిర్మాణ సంవత్సరాన్ని తెలిపే పార్శీ పద్యాన్ని రాసింది రాజా మఖన్‌లాల్ అనే హిందూ పండితుడని పిల్లలకు చూపించి చెప్పండి. రైడ్ల కన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది. స్త్రీలకు లోపల నమాజుకు చోటు ఉందో లేదో ముందే విచారించుకోవడం మంచిది. సాయంత్రం మెరీనాలో నడుముకు కొంగు బిగించి అలల అంచున నిలబడిన దాదీని చూస్తే, ఏ కొలనూ అక్కరలేదనిపిస్తుంది. లోతుకు మాత్రం ఎవర్నీ వెళ్లనివ్వకండి, అక్కడి సముద్రం మంచిది కాదు.

నమాజు సంగతి. పార్కు రోజున జుహర్, అసర్ లోపలే వస్తాయి. "ఇక్కడెక్కడ చదువుతాం, రాత్రికి ఖజా చదువుదాంలే" అనే మాట మనవాళ్ల నోట చాలాసార్లు విన్నాం. హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణానికి బయలుదేరి, పదిహేను రోజుల లోపు ఉండేవారు ముసాఫిర్లు. నాలుగు రకాతుల ఫర్జు రెండుకు తగ్గుతుంది. ఐదు నిమిషాల పని. పార్కులో నీళ్లకు కొరత లేదు, వుజూకు ఇబ్బంది లేదు. పచ్చిక మీద జానమాజు పరిచి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు పిల్లల్ని చూసుకుంటే సరిపోతుంది. సంచుల కాపలా కూడా అలా వంతులవారీగా చేసుకోవచ్చని అప్పుడైనా తోస్తుందేమో. స్థానిక ఇమాము వెనుక చదివితే మాత్రం నాలుగూ పూర్తిగా చదవాలి. ముసాఫిరు మీద జుమా విధి కాదు గాని, చెన్నైలో శుక్రవారం గడిపే అవకాశం వస్తే వాలాజా మస్జిదు జుమాను పోగొట్టుకోకూడదు.

డబ్బు మాటకు వద్దాం. పెద్ద పార్కుల్లో పెద్దవారి టిక్కెట్టు ఒక్కటే వెయ్యి రూపాయలు దాటింది. పిల్లల టిక్కెట్టు చాలా చోట్ల వయసుతో కాదు, ఎత్తుతో నిర్ణయిస్తారు. పదేళ్లకే పొడుగు సాగిన కుర్రాడికి పెద్ద టిక్కెట్టు పడుతుంది. ఏడుగురు వెళితే లోపలికి అడుగు పెట్టడానికే ఏడెనిమిది వేలు. లోపల తిండి, బయట లాడ్జి వేరే. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే స్త్రీలు ఆ డబ్బు కూడబెట్టాలంటే ఎన్ని రోజులు ఉలి పట్టాలో వారినే అడగండి. ఆ చేతిపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని ఆ సంపాదన ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించే చర్చలో వారిని కూర్చోబెట్టే ఇళ్లు ఎన్ని?

సొంత కష్టార్జితంతో వెళ్లేవారికి మేము అడ్డు చెప్పం. వడ్డీకి తెచ్చి, క్రెడిట్ కార్డు వాయిదాల మీద విహారానికి వెళ్లడాన్ని మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. ఒక్కరోజు రోలర్ కోస్టర్ కోసం ఏడాదంతా వడ్డీ కట్టడం హరామే కాదు, తెలివితక్కువ కూడా. బనీ ఇస్రాయీల్ సూరాలో దుబారాను వారించే ముందు బంధువుల హక్కు, పేదల హక్కు ప్రస్తావించబడ్డాయి. ఆ వరుసను గుర్తుంచుకుంటే ఒక పని చేయవచ్చు. తండ్రిని కోల్పోయిన అన్న పిల్లలో, అక్క పిల్లలో వీధి చివర ఉంటారు. మన ఫోటోలు వాట్సాప్‌లో చూసి వాళ్లు మౌనంగా ఉండిపోతారు. లాడ్జిలో ఏసీ గది మానుకుంటే, వారిలో ఒకరికైనా టిక్కెట్టు వస్తుంది.

ఇంత దూరం వెళ్లడం దేనికి, మనకు ఉదయగిరి దుర్గం లేదా, సోమశిల లేదా అని అడిగేవారూ ఉన్నారు. నిజమే, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట, గోల్కొండ నవాబుల నాటి మస్జిదులు మన గుమ్మం ముందే ఉన్నాయి. మన పిల్లల్లో చాలామంది ఆ కొండ ఎక్కలేదు. కాని రోహిణి కార్తెలో ఆ కొండ ఎక్కమని మేము ఎవరికీ చెప్పం. దానికి డిసెంబరు, జనవరి సరైన రోజులు. ఇక సోమశిల, పెన్నా మడుగుల్లో ఈత రాని పిల్లల్ని దింపడం ఏ కాలంలోనూ వద్దు.

చివరగా తేదీల విషయం. ఈ కొన్నేళ్లు బక్రీద్ వేసవి సెలవుల్లోనే పడుతోంది. 2025లో జూన్ 7న వచ్చింది. 2026లో నెలవంకను బట్టి మే చివరి వారంలో, 2027లో మే మధ్యలో వస్తుంది. ఖుర్బానీ విధి అయినవారు ఆ డబ్బు ముందు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో ప్రయాణం చూసుకోవాలి. జిల్‌హజ్ మొదటి పది రోజులు ఇంటి దగ్గర ఉండేలా వెళ్లి రావాలి. రైలు టిక్కెట్లు 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. నెల్లూరు నుంచి వెళ్లే రైళ్లలో వేసవి సీట్లు తొందరగా అయిపోతాయి, పెద్దవారికి కింది బెర్తు కావాలంటే ఆ అరవయ్యో రోజునే చూసుకోవాలి.