మీ కుక్క గురక పెడుతున్నదా?

క్రిందటి మే నెలలో ఒకరోజు, మధ్యాహ్నం రెండు గంటల వేళ. ఆసుపత్రిలో జనం పలచబడ్డారు. నేను చేతులు కడుక్కుని భోజనానికి లేవబోతుండగా గుమ్మం ముందు ఒక ఆటో ఆగింది. పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు, ఆయన భార్య దిగారు. ఆమె చేతుల్లో తడి తువ్వాలులో చుట్టిన పగ్ కుక్క. నాలుక బయటికి వేలాడుతూ ఊదారంగుకు తిరిగి ఉన్నది. థర్మామీటరు పెట్టి చూస్తే 108 డిగ్రీలు.

"పొద్దున బజారుకు వెంట తీసుకెళ్ళానండీ. పది గంటలకల్లా ఇంటికి వచ్చేశాం. వచ్చిన దగ్గరనుంచీ గురక. వాడికి గురక మామూలే కదా అని ఊరుకున్నాం. ఇంతలో కరెంటు పోయింది" అన్నారు మాస్టారు.

నీళ్ళు పోశాం, ఫాను పెట్టాం, ఆక్సిజను ఇచ్చాం, సెలైను ఎక్కించాం. నాలుగు గంటలకు ప్రాణం పోయింది. ఆ కుక్క వాళ్ళ అబ్బాయిది. ఉద్యోగానికి అమెరికా వెళ్తూ తల్లిదండ్రులకు అప్పగించి వెళ్ళాడు. "రేపు ఫోనులో అడిగితే వాడికేం చెప్పను?" అన్నదావిడ. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "జనవరిలో రేబీస్ టీకాకు తెచ్చినప్పుడు ఈ గురక సంగతి మిమ్మల్ని అడిగాను డాక్టరుగారూ. ఈ జాతికి అది మామూలే అన్నారు."

నిజమే, అన్నాను. ఆ రోజు బయట గేదెలు, మేకలు, కోళ్ళ బుట్టలతో జనం బారులు తీరి ఉన్నారు. సూది వేసి, ఆ మాట చెప్పి పంపించాను. స్టెతస్కోపు పెట్టి చూడలేదు. ఈ వారం వ్యాసం అందుకే రాస్తున్నాను.

పగ్ కుక్కల్లో గురక ఎక్కువమాటే. కాని ఎక్కువమందిలో ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యం అవుతుందా? నల్లగొండ జిల్లా ఫ్లోరైడు పల్లెల్లో ఒకప్పుడు ఎవరిని చూసినా పళ్ళు గారపట్టి ఉండేవి. ఊరందరికీ ఉన్నది కనుక జబ్బు కాదన్నామా? ఇదీ అంతే.

ముక్కు చేసే పని

కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళ మెత్తల్లో కాస్త పడుతుంది, అంతే. ఒంటి వేడి తగ్గించుకోవడానికి దానికున్న ముఖ్యమైన మార్గం రొప్పడం. ముక్కు లోపల చుట్టలు చుట్టుకున్న పలుచని ఎముకలుంటాయి. వాటిమీద తడి పొర ఉంటుంది. గాలి ఆ తడిమీదుగా ఆడుతుంటే నీరు ఆవిరై, అక్కడి రక్తం చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇలాగే.

మన వీధి కుక్క మూతి చూడండి. ఈ ఏర్పాటుకు కావలసినంత చోటున్నది. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పెకినీస్ వంటి చప్పిడి మూతి జాతుల్లో ఆ చోటు లేదు. కొంతవరకు షిట్జు, బాక్సర్ కుక్కలదీ ఇదే తంతు. వీటిలో మూతి ఎముక కురచైంది గాని, లోపలి మెత్తని కండ అంతగా కురచ కాలేదు. పెద్ద పరుపును చిన్న ట్రంకు పెట్టెలో కుక్కినట్టన్నమాట. ముక్కు రంధ్రాలు సన్నని చీలికల్లా ఉంటాయి. అంగిలి వెనుకనుండే మెత్తని కండ సాగి గొంతులోకి వేలాడుతుంది. గాలి తగిలి ఆ కండ అదిరినప్పుడు వచ్చే చప్పుడే మీరు వినే గురక. బుల్‌డాగ్‌లలో శ్వాసనాళం కూడా ఇరుకుగా ఉండవచ్చు.

ఇరుకు దారిలోంచి గాలి లాగడానికి కుక్క బలమంతా పెడుతుంది. ఏళ్ళ తరబడి అలా లాగగా లాగగా స్వరపేటికలోని పొరలు ముందుకు పొడుచుకు వచ్చి దారి మరింత మూస్తాయి. అందుకే ఈ జబ్బు వయసుతోబాటు ముదురుతుంది. ఇక ఎండలో సంగతి చెప్పనక్కరలేదు. వేడికి రొప్పుతుంది, రొప్పేసరికి గొంతు వాస్తుంది, వాచేసరికి గాలి తగ్గుతుంది, గాలి కోసం పెనుగులాడేసరికి వేడి ఇంకా పెరుగుతుంది. మాస్టారింటి కుక్కకు జరిగింది ఇదే.

ఇది మనుషులు చేసిన మూతి

పగ్ పుట్టిల్లు చైనా. అక్కడినుంచి యూరపు చేరింది. హోగార్త్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1745లో తన పగ్‌ను పక్కన పెట్టుకుని తన బొమ్మ తానే వేసుకున్నాడు. ఆ బొమ్మలో కుక్కకు స్పష్టంగా ముందుకు వచ్చిన మూతి ఉన్నది. తరువాతి కాలంలో, ముఖం ఎంత చదునుగా ఉంటే అంత అందమని ఎంచి, అటువంటి వాటినే జతకట్టిస్తూ వచ్చారు. మన దేశంలో 2003లో ఒక సెల్‌ఫోను కంపెనీ ప్రకటనలో చిన్న పిల్లవాడి వెంట ఒక పగ్ నడిచింది. ఆ తరువాత మన పట్నాల్లోనూ, చిన్న ఊళ్ళల్లోనూ ఈ కుక్కకు గిరాకీ పెరిగింది. చలిదేశపు ఇంటి కుక్క రామగుండం, రెంటచింతల ఎండల్లో ఎలా బతుకుతుందని అడిగినవారు తక్కువ.

ఇంట్లోనే చూసుకోవలసిన గుర్తులు

1. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కపెట్టండి. పొట్ట లేచి పడితే ఒకటి. మామూలుగా 30 దాటకూడదు. చల్లని వేళలో కూడా నాలుగు రోజులు వరుసగా దాటుతుంటే డాక్టరుకు చూపించండి.

2. మేలుకుని ఊరికే కూర్చున్నప్పుడు కూడా గురగుర వినిపిస్తున్నదా? నిద్రలో గురకకంటే దీన్ని ఎక్కువగా పట్టించుకోవాలి.

3. ముక్కు రంధ్రాలు గుండ్రంగా తెరుచుకుని ఉన్నాయా? గీత గీసినట్టు మూసుకుపోయి ఉన్నాయా?

4. పడుకునే తీరు గమనించండి. గడ్డం దిండుమీదో, గడపమీదో ఎత్తి పెట్టుకోవడం, నోట్లో బొమ్మ పెట్టుకుని నిద్రపోవడం, కూర్చునే కునికిపాట్లు పడటం, ఉక్కిరిబిక్కిరై ఉలిక్కిపడి లేవడం చూసి మనం ముచ్చటపడుతుంటాం. కాని అది ఊపిరి ఆడక వెతుక్కున్న ఉపాయం కావచ్చు.

5. తింటూ పొరబోవడం, తరచు నురుగు కక్కడం కూడా ఇందులో భాగమే కావచ్చు.

6. ఆడుతూ ఆడుతూ కూలబడినా, నాలుక నీలంగా మారినా మర్నాటికి వాయిదా వేయకండి.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, అక్కడి కెన్నెల్ క్లబ్బు కలిసి 2019లో ఒక తేలిక పరీక్షను వాడుకలోకి తెచ్చాయి. ముందు గొంతుమీద స్టెతస్కోపు పెట్టి విని, కుక్కను మూడు నిమిషాలు చురుగ్గా నడిపించి, మళ్ళీ వింటారు. వినిపించిన చప్పుడును, ఊపిరికి పడే శ్రమను బట్టి 0 నుంచి 3 వరకు తరగతి వేస్తారు. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. చల్లని వేళ మీ డాక్టరు చేతనే చేయించండి. మీ అంతట మీరు ఎండలో పరుగెత్తించి చూడకండి.

వైద్యం ఉన్నదా?

ఉన్నది. ముక్కు రంధ్రాలను వెడల్పు చేయడానికి, సాగిన అంగిలి కండను కత్తిరించడానికి ఆపరేషనులున్నాయి. స్వరపేటిక దెబ్బతినక ముందే, చిన్న వయసులో చేయిస్తే ఫలితం బాగుంటుంది. కుక్క పూర్తిగా మామూలైపోతుందని మాత్రం అనుకోవద్దు, ఊపిరి సుళువవుతుంది. మీ ఊళ్ళో వీలు లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో విచారించండి.

ఏ ఆపరేషనుకైనా, చివరికి పళ్ళు శుభ్రం చేయడానికైనా, ఈ జాతులకు మత్తు ఇవ్వడంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆక్సిజను ఉన్నదా, కుక్క బాగా తెలివిలోకి వచ్చేదాకా గొంతులో గొట్టం ఉంచుతారా, ఆ తరువాత కాసేపు ఎవరైనా కనిపెట్టుకుని ఉంటారా అని మొహమాటపడకుండా అడగండి. డాక్టరు తప్పు పట్టుకోడు.

ఆపరేషనుకంటే ముందు మీ చేతిలో ఉన్న మందు ఒకటున్నది, బరువు తగ్గించడం. పెరిగిన పగ్ 6 నుంచి 8 కిలోలుంటే చాలు. నా దగ్గరికి 13 కిలోలవి కూడా వస్తున్నాయి. పక్కటెముకలమీద చెయ్యి వేస్తే ఎముకలు తేలికగా తగలాలి. నెయ్యి అన్నం, మీరు కాఫీ తాగుతూ ఇచ్చే బిస్కెట్లు ముందు మానండి. మెడపట్టీ తీసేసి ఛాతీకి వేసే పట్టీ వాడండి. గొంతు నొక్కుకోకుండా ఉంటుంది.

ఎండాకాలం

మార్చి నుంచి జూన్ వరకు షికారు సూర్యోదయానికి ముందే ముగించండి. సాయంత్రం నేలమీద మీ చెయ్యి ఆనించి చూడండి. మీరు ఐదు సెకన్లు ఉంచలేకపోతే అదీ నడవలేదు. డాబా మీద, రేకుల షెడ్డులో, తలుపులు మూసిన కారులో ఒక్క నిమిషం కూడా వదలవద్దు. కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి. తడి నేలమీద పడుకోబెట్టి విసరడం మన పెద్దలకు తెలియని విద్య కాదు. కోస్తావాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వానాకాలపు ఉక్కపోతలో తడి త్వరగా ఆవిరి కాదు. అంత ఎండ లేకపోయినా ప్రమాదం ఉంటుంది.

వడదెబ్బ తగిలితే

కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీలు. 105 దాటితే ప్రాణాపాయం మొదలైందని లెక్క. ఆగకుండా రొప్పడం, జిగురు చొంగ, తూలడం, నాలుక ముదురు ఎరుపుకో ఊదారంగుకో మారడం దీని గుర్తులు. అప్పుడు:

1. ముందు చల్లబరచండి, ఆ తరువాతే బయలుదేరండి. నీడలో పెట్టి, కుళాయి నీళ్ళు ఒంటిమీద ధారగా పోస్తూ ఫాను గాలి తగలనివ్వండి. ముక్కులో నోట్లో నీళ్ళు పోకుండా చూడండి.

2. తడి తువ్వాలులో చుట్టి ఉంచకండి. కాసేపటికి అదే దుప్పటిలా వేడిని లోపల పట్టి ఉంచుతుంది. మాస్టారి భార్య మంచి ఉద్దేశంతోనే చుట్టారు. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు.

3. తెలివి ఉంటే తాగడానికి నీళ్ళు ముందు పెట్టండి. బలవంతంగా నోట్లో పోయకండి.

4. మనుషుల జ్వరం మాత్రలు వేయవద్దు. ఇది జ్వరం కాదు, పైగా ఆ మాత్రలు కుక్కకు హాని చేస్తాయి.

5. వేడి 103కు దిగగానే నీళ్ళు ఆపి ఆసుపత్రికి తీసుకురండి. థర్మామీటరు లేకపోతే పది నిమిషాలు చల్లబరచి, దారిలో గాలి తగిలేలా తీసుకురండి. తేరుకున్నట్టు కనిపించినా తీసుకురావాలి. మూత్రపిండాలు, పేగులు దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తరువాత బయటపడవచ్చు.

కళ్ళు, ముడతలు

ఈ జాతుల్లో కంటిగుంట లోతు తక్కువ. గుడ్డు ముందుకు ఉండి త్వరగా గీసుకుపోతుంది. కన్ను చికిలిస్తున్నా, నీరు కారుస్తున్నా మందుల షాపులో చుక్కలు కొని వేయకండి. స్టెరాయిడు కలిసిన చుక్కలైతే పుండు ముదిరి చూపు పోవచ్చు. దెబ్బలాటలో కనుగుడ్డు బయటికి వస్తే నెట్టవద్దు. సెలైనులో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే తీసుకురండి. ముక్కుమీది ముడతలు రోజూ తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరినూనె, పౌడరు, పసుపు వద్దు.

కొనబోయేవారికి

2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. తల్లిని చూపించమనండి. తల్లి కూర్చున్నచోటే రొప్పుతుంటే పిల్లల గతీ అంతే కావచ్చు. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2019లో, మూతి పొడవు తల పొడవులో మూడో వంతైనా లేని కుక్కల్ని జతకట్టించకూడదని కట్టడి చేసింది. మనం అంతదూరం వెళ్ళకపోయినా, పిల్ల ముఖం ఎంత నొక్కుకుపోతే అంత ఎక్కువ ధర ఇవ్వడం మానవచ్చు.

ఇప్పటికే ఇంట్లో ఉన్నదంటారా? భయపడకండి. బరువు, ఎండ, సకాలంలో పరీక్ష, ఈ మూడూ చూసుకుంటే చాలా ఏళ్ళు మీతో ఉంటుంది.

మాస్టారి కుక్క పోయిన మర్నాటినుంచి, టీకాకు వచ్చే ప్రతి చప్పిడి మూతి కుక్కకూ నేను సూది పట్టకముందే గొంతుమీద స్టెతస్కోపు పెడుతున్నాను. రెండు నిమిషాలు పడుతుంది. మీరు వెళ్ళినచోట "ఈ జాతికి మామూలే" అని ఏ డాక్టరైనా అంటే, అది నేనైనా సరే, ఆ రెండు నిమిషాలు అడిగి చేయించుకోండి. బయట వరస ఎంత పొడుగున్నా ఫరవాలేదు.