బండి విలువ ఎంత, బాకీ ఎంత

2020 అక్టోబర్ 17, శనివారం రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. అంతకు నాలుగు రోజుల ముందే హైదరాబాద్ నగరంలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది. అక్టోబర్ నెలలో అంత వాన నూరేళ్లకు పైగా ఎరగమని వాతావరణ శాఖ లెక్క తీసింది. అప్పటికే నిండిన నాలాల మీదికి చెరువు వచ్చి పడితే హఫీజ్‌బాబానగర్, ఫూల్‌బాగ్ గల్లీలు కాలువలయ్యాయి. ఫలక్‌నుమా పక్కన అల్ జుబేల్ కాలనీలో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆగిన బొమ్మలు దేశమంతా చూసింది. మనుషులను పోగొట్టుకున్న ఇళ్లున్న బస్తీలో నా కారు మునిగిందని చెప్పుకోవడానికి ఆ రోజుల్లో నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే కారణం, పోయిన వారం మా పక్కింటి తమ్ముడు అడిగిన ఒక ప్రశ్న.

ముందు నా సంగతి. ఉప్పుగూడలో మా గల్లీ చివర నిలబెట్టిన కారు డాష్‌బోర్డు దాకా మునిగింది. నీళ్లు తగ్గాక కూడా స్టార్ట్ చేయొద్దని మెకానిక్ గట్టిగా చెప్పాడు. నేను తాళం తిప్పలేదు, తాడు కట్టించి లాగించాను. ఆ మాట విన్నందుకే క్లెయిమ్ నిలబడింది. నీళ్లు పోయిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి పాడుచేస్తే, అది వరద వల్ల వచ్చిన నష్టం కాదు, తరవాత మీరు చేసుకున్నది అంటారు. మామూలు పాలసీ దానికి పైసా ఇవ్వదు. ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకున్నవారికే ఆ ఖర్చు వస్తుంది.

బీమా కంపెనీ సర్వేయర్ వచ్చి చూశాడు. బాగు చేయడానికి అయ్యే ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్క కడతారు. మాది దాటింది. అప్పుడు మొదటిసారి పాలసీ కాగితం మీద ఐడీవీ అన్న మూడక్షరాలను సరిగ్గా చూశాను. బండి పోయిననాడు కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. మనం కట్టిన డబ్బుకు దానితో సంబంధం లేదు. షోరూము ధరలోంచి వయసును బట్టి కోత వేస్తారు. ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపైతే 15, రెండేళ్ల లోపైతే 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, అయిదేళ్లకు 50. రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సుకు పోసిన డబ్బు ఈ లెక్కలోకే రాదు.

కారు షోరూము ధర 7 లక్షల 80 వేలు. చేతికి వచ్చేసరికి 9 లక్షల 10 వేలయింది. బ్యాంకు దగ్గర 8 లక్షల 20 వేలు అప్పు తీసుకున్నాను. రెండో ఏడు కనక 20 శాతం కోత పోను ఐడీవీ 6 లక్షల 24 వేలు ఉండాలి. రెన్యూవల్‌లో ప్రీమియం తగ్గిస్తానని ఏజెంటు 5 లక్షల 90 వేలు రాశాడు, నేను తల ఊపాను. దానివల్ల నాకు మిగిలింది వెయ్యి రూపాయలకు అటూ ఇటూ, పోయింది 34 వేలు. పైగా ఆ ఏడాది కరోనా. మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం వాడుకున్నాను. పాతబస్తీలో వాడుకోని ఇల్లు ఎక్కడుంది? కిస్తీ ఆగింది కాని వడ్డీ ఆగలేదు. కారు మునిగిననాటికి బాకీ 8 లక్షల పైనే ఉంది. తప్పనిసరి కోత వెయ్యి పోను కంపెనీ ఇచ్చింది 5 లక్షల 89 వేలు. ఆర్సీ మీద బ్యాంకు పేరుంది కనక ఆ డబ్బు నేరుగా బ్యాంకుకే వెళ్లింది. లేని కారుకు ఇంకా 2 లక్షల 12 వేలు కట్టాను. పొద్దున బస్టాపులో నిలబడి, సాయంత్రం కిస్తీ మెసేజీ చూసుకుంటూ గడిపిన ఆ నెలలు నేను మరచిపోలేను. వరద సాయం కింద ప్రభుత్వం ఇంటికి 10 వేలు ఇచ్చింది. అది బియ్యానికి, పరుపులకు సరిపోయింది.

ఆ 2 లక్షల 12 వేలనే ఇంగ్లీషు దేశాల్లో గ్యాప్ అంటారు. దానికి అమ్మే బీమా గ్యాప్ ఇన్సూరెన్స్. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం రిటర్న్ టు ఇన్వాయిస్ అనే యాడ్-ఆన్.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. లాల్‌దర్వాజా దగ్గర అతనికి చిన్న వ్యాపారం ఉంది. తల్లిదండ్రులకు మోకాళ్లు పట్టేశాయి, రైలు మెట్లు ఎక్కలేరు. వేములవాడ, తిరుపతి, పండరీపురం చూడాలని వాళ్ల కోరిక. ఒక ట్రావెలర్ వ్యాను కొని లోపల రెండు బెర్తులు, చిన్న వంటగట్టు, టాయిలెట్, ఫ్యాన్లకు బ్యాటరీ పెట్టించాలని అతని ఆలోచన. వ్యాను 18 లక్షలు, లోపలి పని 7 లక్షలు. వ్యానుకు ఫైనాన్సు ఇస్తున్నారు, లోపలి పనికి పర్సనల్ లోను. "అన్నా, షోరూమోళ్లు ఆ రిటర్న్ టు ఇన్వాయిస్ కూడా తీస్కోమంటున్నరు. తీస్కోవాల్నా, వద్దా? నువ్వు ఒకసారి మునిగినవ్ గదా" అని అడిగాడు.

అదే వారం డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్లు అయిదుగురు. సెలవుల్లో తిరగడానికి మోటార్‌హోమ్ కొంటున్నారు. అక్కడ వీటికి పదిహేను, ఇరవై ఏళ్ల అప్పులిస్తారు. మొదటి ఏళ్లలో కట్టేది చాలా వరకు వడ్డీకే పోతుంది, అసలు కదలదు. బండి ధర మాత్రం షోరూము గేటు దాటగానే దిగడం మొదలుపెడుతుంది. కొంత డబ్బు ముందు కట్టనివాడు ఏళ్ల తరబడి బండి విలువకన్నా ఎక్కువ బాకీలో ఉంటాడు. నేను వాడికి గ్యాప్ బీమా తీసుకోమనే చెప్పాను. కాని డీలరు దాన్ని అప్పులో కలిపేసి ఇరవై ఏళ్లు దానికీ వడ్డీ వసూలు చేసే పద్ధతిలో వద్దు, తన కారు బీమా కంపెనీ దగ్గర రేటు అడగమన్నాను. ఒప్పందంలో రెండు చోట్లు చూడమన్నాను. కట్టకుండా ఆపిన కిస్తీలను చాలా గ్యాప్ ఒప్పందాలు మినహాయిస్తాయి. అప్పు బండి విలువలో ఇంత శాతం దాటితే ఆ పైది ఇవ్వం అని కొన్నింట్లో హద్దు ఉంటుంది. బాకీ బండి విలువ కిందికి దిగిన రోజున ఆ పాలసీ ఆపేసి మిగిలిన కాలానికి డబ్బు వాపసు అడగాలి.

ఈ సరుకును ఎలా అమ్ముతున్నారో చూడాలంటే బ్రిటన్ వైపు చూడాలి. అక్కడి ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ లెక్క తీస్తే గ్యాప్ పాలసీలకు జనం కట్టిన ప్రీమియంలో క్లెయిమ్‌ల కింద తిరిగి వచ్చింది 6 శాతమే. కొన్నిచోట్ల అమ్మినవాడి కమిషన్ 70 శాతం దాకా ఉంది. 2024 ఫిబ్రవరిలో మార్కెట్‌లో 80 శాతం ఉన్న కంపెనీలు అమ్మకం ఆపాయి, పద్ధతి మార్చుకున్నాక కొన్ని తిరిగి మొదలుపెట్టాయి. బీమా చెడ్డదని దీనర్థం కాదు. నా ఆ 2 లక్షల 12 వేలు నిజం. కాని షోరూము కుర్చీలో కూర్చుని, కొత్త బండి మీద మనసు పడి ఉన్న మనిషికి సంతకాల నడుమ అమ్మే ఏ వస్తువు ధరనైనా బయటికి వచ్చి ఇంకోచోట అడగాలి.

గ్యాప్‌కూ మన రిటర్న్ టు ఇన్వాయిస్‌కూ ఉన్న తేడా తమ్ముడికి చాలాసేపు చెప్పాను. గ్యాప్ అప్పును చూస్తుంది. బీమా ఇచ్చింది పోను బ్యాంకుకు మిగిలిన బాకీ తీరుస్తుంది, అంతటితో దాని పని సరి. మన యాడ్-ఆన్ బిల్లును చూస్తుంది. బండి కొన్ననాటి ఇన్వాయిస్ ధర ఇస్తుంది, కొన్ని పాలసీల్లో రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ కూడా కలుస్తాయి. బ్యాంకు బాకీ పోను మిగిలితే అది మీ చేతికి వస్తుంది. బాకీ లేనివాడికి కూడా పనికొస్తుంది. ఆ లెక్కన మనదే మేలు. అయితే అది టోటల్ లాస్‌కు, దొంగతనానికి మాత్రమే. బంపరు విరిగినా, తలుపు సొట్టపోయినా దానితో పని లేదు. చాలా కంపెనీలు మూడేళ్ల లోపు బండికే ఇస్తాయి, కొన్ని అయిదేళ్ల దాకా. మొదటి యజమానికే.

ఇక్కడ జనం పడే పొరపాటు ఒకటి ఉంది. "నాది బంపర్ టు బంపర్ ఉంది, నాకేం భయం లేదు" అంటారు. దాని అసలు పేరు జీరో డిప్రిసియేషన్. అది విరిగిన భాగాలకు కోత వేయకుండా ఇవ్వడానికి. బండే పోతే జీరో డెప్ ఉన్నా వచ్చేది ఐడీవీయే. మా గల్లీలో ఆ వరదకు ముగ్గురి బండ్లు పోయాయి, ముగ్గురికీ జీరో డెప్ ఉంది, ముగ్గురమూ బాకీ పడ్డాం.

అయితే తమ్ముడి వ్యాను విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే. అతను కాగితం మీద వ్యానునే చూస్తున్నాడు. ఆ కాగితంలో వంటగట్టు లేదు, బెర్తులు లేవు, బ్యాటరీ లేదు. ఇన్వాయిస్ అంటే షోరూము బిల్లు, అది 18 లక్షలు. వర్క్‌షాపు చేసిన 7 లక్షల పనిని ఎవరికీ చెప్పకపోతే పాలసీ దృష్టిలో అది లేనే లేదు. రెండో ఏట బండి పోయిందనుకుందాం. మామూలు పాలసీలో 20 శాతం కోత పోను 14 లక్షల 40 వేలు వస్తాయి. రిటర్న్ టు ఇన్వాయిస్ ఉంటే 18 లక్షలు, అంటే అది తెచ్చేది అదనంగా 3 లక్షల 60 వేలు. లోపలి పనిని బిల్లుతో సహా పాలసీలో రాయిస్తే, దానికీ 20 శాతం కోత పోను, 5 లక్షల 60 వేలు వస్తాయి. అందరూ మొదటిదాని గురించే అడుగుతున్నారు. పెద్ద కన్నం రెండోది. మోటారు టారిఫ్‌లో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ పరికరాలకు విలువలో 4 శాతం అదనపు ప్రీమియంతో బీమా చేసే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. అడిగేవాళ్లు లేక ఏజెంట్లు చెప్పరు.

డబ్బుకన్నా ముందు ఇంకో ప్రమాదం. ఆర్సీలో ప్యాసింజర్ వ్యాను అని రాసి, లోపల సిలిండరు, స్టవ్వు పెట్టుకుని తిరిగితే, నిప్పంటుకున్ననాడు సర్వేయర్ మొదట రాసే మాట ఏమిటి? అనుమతి లేని మార్పు అని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి స్వరూపం మార్చడాన్ని కట్టడి చేస్తుంది. ఇళ్లుగా మార్చే వ్యాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. పాతబస్తీ మేస్త్రీలు చేయి తిరిగినవాళ్లు, చెక్క మీద, రేకు మీద వాళ్ల పని నాకు గర్వం. వాళ్ల పనికి కాగితం లేకపోవడం వాళ్ల తప్పు కాదు, మనం అడగం. ఆ కాగితం లేని బండికి ఎన్ని యాడ్-ఆన్లు అంటించినా క్లెయిమ్ రోజున నిలబడతాయన్న నమ్మకం నాకు లేదు. సొంతానికి అని రాయించుకుని, సెలవుల్లో చుట్టాలకు కిరాయికి ఇచ్చినా అదే గతి. బండి వాడకం మారితే పాలసీ మాట తప్పుతుంది. అసలు రిటర్న్ టు ఇన్వాయిస్ ఎక్కువగా ప్రైవేటు కార్లకే ఇస్తారు. పదీ పన్నెండు సీట్ల వ్యానుకు, క్యాంపర్‌గా మార్చిన దానికి ఇస్తారా అన్నది షోరూము కుర్రాడి నోటి మాట మీద వదలకూడదు. పాలసీ షెడ్యూలులో ఆ వరస కనిపించాలి.

తమ్ముడికి చివరికి చెప్పింది ఇది. ట్యాక్సుతో సహా మొత్తం ఫైనాన్సు మీద తీసుకుంటున్నావు కనక రిటర్న్ టు ఇన్వాయిస్ తీసుకో, మొదటి మూడేళ్లు. నువ్వు సగం డబ్బు చేతినుంచి పెట్టి ఉంటే, బండి పోయినా మళ్లీ కొనుక్కునే నిల్వ నీ దగ్గర ఉంటే, వద్దనేవాణ్ని. ఏటా రెన్యూవల్‌లో ఐడీవీ తగ్గించి ప్రీమియం మిగిలిస్తాననేవాడి మాట వినకు. ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకో, నువ్వుండేది పాతబస్తీ, మన చెరువుల కట్టలు ఎట్లున్నాయో నీకు తెలుసు. వ్యాను లోపలి పని మొదలుపెట్టకముందే ఆర్టీఏకు పో.

"లోపలి పనికి బిల్లు అడిగితే జీఎస్టీ పడ్తదన్నా" అన్నాడు. పడుతుంది. 7 లక్షల పనికి ఆ పన్ను కట్టడం కష్టమే, దాన్ని చిన్నమాట చేసి చెప్పలేను. కాని బిల్లు లేకుండా అదే పని చేయించి పర్సనల్ లోను అయిదేళ్లు కట్టడం, మధ్యలో బండి పోవడం ఎలా ఉంటుందో నేను సగం అనుభవించాను. అతనికి తల్లిదండ్రులున్నారు, ఇద్దరు పిల్లలున్నారు.

వ్యాను బుకింగ్ పదిహేను రోజులు వాయిదా వేశాడు. మేస్త్రీ దగ్గర కొలతలతో ఎస్టిమేటు రాయించుకున్నాడు, బెర్తులు, వైరింగు, టాయిలెట్, ఒక్కొక్కటి విడివిడిగా. సోమవారం బండ్లగూడ ఆర్టీఏ ఆఫీసుకు ఇద్దరం వెళ్తున్నాం.