నంబర్ వన్ అయినా కష్టం తగ్గదు

‘ఈ ఒక్క కోర్సు అయిపోతే చాలు’, ‘ఆఫర్ లెటర్ చేతికొస్తే ఒడ్డున పడ్డట్టే’... కాకినాడ, భీమవరం, రాజమహేంద్రవరం, ఏ ఇంజినీరింగ్ కాలేజీ క్యాంటీన్‌లో కూర్చున్నా వినిపించే మాటలివి. కొంత పట్టు వచ్చాక ఇక అంతా సులువేనన్నది వీటి వెనకున్న లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023 నుంచి ఆడిన ఆట చూడండి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో జపాన్‌లో అతను కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. పదేళ్లుగా నిలిచిన 493 కిలోమీటర్ల గిన్నిస్ రికార్డు చెరిగిపోయింది. జూన్‌లో చిరాగ్ శెట్టితో కలిసి ఇండోనేసియా ఓపెన్ గెలిచాడు. ఫైనల్లో ప్రత్యర్థులు మలేసియా జోడీ ఆరోన్ చియా, సో వూయి యిక్. అంతకుముందు వాళ్లతో ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదిసార్లూ ఓటమే. అక్టోబరులో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. ఇంకేం కావాలి?

2024 ఆగస్టు, పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే మలేసియా జోడీ. మొదటి గేమ్ 21-13తో మనవాళ్లదే. తర్వాతి రెండూ 14-21, 16-21. పతకం లేకుండానే వెనుదిరిగారు. తర్వాత గాయాలు, ర్యాంకు జారడం. 2025 ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్. అదే పారిస్, అదే క్వార్టర్‌ఫైనల్, అదే ప్రత్యర్థులు. ఈసారి 21-12, 21-19తో గెలిచి కాంస్యంతో వచ్చారు.

సులువయ్యేది పాత పనే

పై స్థాయికి వెళ్లే కొద్దీ ఎదుటివాడి స్థాయీ పెరుగుతుంది. నంబర్ వన్ ఆటను అందరూ వీడియోలు పెట్టుకుని మరీ చదువుతారు. నిన్న పాయింట్ తెచ్చిన షాట్‌కు ఈరోజు జవాబు సిద్ధంగా ఉంటుంది.

మన రంగంలోనూ ఇంతే. ఫస్టియర్‌లో చెమటలు పట్టించిన ఫర్ లూప్ ఇప్పుడు నిద్రలో కూడా రాసేస్తారు. కానీ కంపెనీ జీతమిచ్చేది దానికి కాదు. ఎవరో ఎప్పుడో రాసిన వందల ఫైళ్లలో తప్పెక్కడుందో పట్టుకోవాలి. అది అలవాటయ్యేసరికి కొత్త సిస్టమ్ డిజైన్ చేయమంటారు. ఒకప్పుడు ఉద్యోగాలు తెచ్చిపెట్టిన యాంగ్యులర్‌జేఎస్‌కు గూగుల్ మద్దతు 2021 చివరితో ముగిసింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక చిన్న చిన్న కోడ్ ముక్కలు యంత్రమే రాసిపెడుతోంది. అంటే మనకు సులువైన పనే ముందుగా చేజారుతోంది. అది రాసిన కోడ్ సరైనదో కాదో తేల్చే పని మనకు మిగిలింది. కష్టమైంది అదే.

వచ్చిన విద్య కూడా వదిలేస్తే నిలవదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది. అయినా వేసవిలో నీళ్లు కట్టేసి డెల్టా కాలువల పూడిక తీసే పని ఇప్పటికీ తప్పడం లేదు. సెకండియర్‌లో చదివిన డీబీఎంఎస్ ఫైనలియర్ ఇంటర్వ్యూలో గుర్తురాకపోవడం కూడా పూడికే.

‘నాకు రాదేమో’ అనుకునే ముందు

‘రెండేళ్లుగా కోడింగ్ చేస్తున్నా, ఇంకా కష్టంగానే ఉంది. నాకు రాదేమో అన్నా!’ అని చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు. కొందరు అక్కడితో వదిలేస్తారు కూడా. ఆగి ఒక్క పని చేయండి. ఆరు నెలల కిందట మీకు రాని ప్రాబ్లమ్స్ తీసి ఇప్పుడు చేయండి. అవి గబగబా అయిపోతుంటే మీరు ఎదిగినట్టే, మీ ముందున్న లెక్కల స్థాయి పెరిగింది, అంతే. అవి కూడా రాకపోతే చదివే పద్ధతి మార్చాలి.

ఇక రోజువారీ ప్రిపరేషన్ సంగతి. వచ్చినవే మళ్లీ మళ్లీ చేసి సంఖ్య పెంచుకోవద్దు. వారానికి రెండైనా మీ స్థాయికి కాస్త మించినవి పట్టండి. ఒక పూట పాత సబ్జెక్టుల పూడిక తీయడానికి కేటాయించండి. ఏఐ ఇచ్చిన జవాబును వాడే ముందు ఎందుకు పనిచేస్తుందో మీ మాటల్లో రాసుకోండి. ఆఫర్ లెటర్ వచ్చాక కూడా ఈ టైమ్‌టేబుల్ మారదు, సిలబస్ మాత్రమే మారుతుంది.