వెనక హబ్బు విప్పడం పిల్లలకు నేర్పండి

ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం ఉంది. జారే వస్తువుకంటే దొర్లే వస్తువుకు ఘర్షణ తక్కువని చెప్పి, బాల్ బేరింగు బొమ్మ చూపించి ముందుకెళ్లిపోతాం. కిటికీ అవతల సైకిళ్లలో అవే బాల్సు గ్రీజు ఎండిపోయి కరకరలాడుతుంటాయి. సైన్సు టీచరుగా నేను కోరేదొకటే: ఆ పాఠం సైకిలు దగ్గరే, దాని వెనక హబ్బు విప్పించి చెప్పాలి.

వెనక చక్రమే ఎందుకంటే, తొక్కేవాళ్ల బరువులో ఎక్కువ భాగం, క్యారియరు మీది మోత, చైను లాగుడు అన్నీ పడేది ఆ ఇరుసు మీదే. మామూలు సైకిలు వెనక చక్రం నడిమి హబ్బులో పక్కకు తొమ్మిది చొప్పున పావంగుళం బాల్సు ఉంటాయి. గ్రీజులో నీరూ దుమ్మూ చేరితే, బాల్సు ఆనుకుని దొర్లే కోన్ల మీద గుంటలు పడతాయి. చక్రం ఆడుతుంది, తొక్కుడు బరువెక్కుతుంది, చివరికి సైకిలు మూలన పడుతుంది.

ఏటా తొలకరికి ముందు మా సైకిలు హబ్బు ఇంట్లో నేనే విప్పుతాను. చక్రం ఊడదీసి, ఫ్రీవీలు లేని వైపు లాక్‌నట్టు, కోను తీసి, ఇరుసును రెండోవైపుకు లాగితే వచ్చేస్తుంది. బాల్సు దొర్లిపోకుండా కింద పాతగుడ్డ పరవాలి. అన్నీ కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టాలి. కోను మీద గోటికి గుంట తగిలితే మార్చాల్సిందే. బాల్సు మారిస్తే సెట్టంతా మార్చాలి. అరిగినవాటిలో కొత్తవి కలిపితే బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది. హబ్బులోని కప్పులకు గ్రీజు దట్టంగా పట్టించి బాల్సు అందులో కూర్చోబెట్టాలి. ఫ్రీవీలుకు మాత్రం గ్రీజు వద్దు, పల్చటి నూనె నాలుగు చుక్కలు చాలు.

అసలు నేర్పు కోను బిగింపులో ఉంది. చేత్తో బిగించి, కాస్త వెనక్కి వదిలి, పల్చటి పానాతో కోను కదలకుండా పట్టుకుని లాక్‌నట్టు బిగించాలి. చక్రం పక్కకు ఊగకూడదు, తిప్పితే ఎక్కడా పట్టెయ్యకూడదు. ఆ బిగువు వేళ్లకే తెలియాలి, బొమ్మ నేర్పలేదు.

పిల్లల చేతులకు మసి అంటిస్తారా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. చేతిపని తక్కువదని పిల్లలకు నూరిపోయడం ఆ మసికంటే చెడ్డది. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. అలాంటి ప్రతి పథకంలోనూ సైకిలుతోపాటు రెండు పానాలు, ఒక గ్రీజు డబ్బా ఇవ్వాలి. ఊళ్లోని సైకిలు షాపు మేస్త్రికి గౌరవ వేతనమిచ్చి ఒక పూట పాఠం చెప్పించాలి. ఈ జూన్‌లో బడులు తెరవగానే ఒక్క హబ్బయినా పిల్లల చేతులతోనే విప్పించి, బిగింపజేయాలని తోటి సైన్సు టీచర్లను కోరుతున్నాను.