శాసనసభకు పోవు త్రోవ

తెలుగు బడిలో చదివిన పిల్లవాడు ఒడిశాలో ఏమి కాగలడని కొందఱు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు కోరాపుట్ ప్రాంతము మదరాసు రాజధాని నుండి విడివడి అందులో చేరినది. ఆ దినమున రాయగడ, గుణుపురము, జయపురములలోని మన పెద్దలు ఇల్లు కదలకయే అల్పసంఖ్యాకులైరి. సముద్రములు దాటిపోయి అల్పసంఖ్యాకురాలైన తెలుగు ఆడపడుచు ఒకరి వృత్తాంతమును ఈ ప్రశ్నకు ఎదురుగా ఉంచగోరుచున్నాము.

శ్రీమతి అరుణా మిల్లర్ పుట్టింటివారు కాట్రగడ్డవారు. ఆమె 1964లో హైదరాబాదున జన్మించి, ఏడేండ్ల ప్రాయమున అమెరికా చేరిరి. మిస్సోరీ రాష్ట్రమున సివిల్ ఇంజనీరింగు చదివి, 1990లో మేరీలాండు రాష్ట్రమందలి మాంట్‌గొమరీ కౌంటీలో రవాణా ఇంజనీరుగా కొలువున కుదిరిరి. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. రోడ్లు, కూడళ్లు, పిల్లలు నిర్భయముగా బడికి పోవు త్రోవలు, ఇవియే ఆమె పని. ఆ దేశపు పౌరసత్వము పొంది తొలి ఓటు వేసినది 2000లో. అనగా అచ్చట అడుగిడిన యిరువది యెనిమిదేండ్లకు. మన విద్యార్థికి పదునెనిమిదేండ్లు నిండగనే లభించు హక్కు అది!

2010లో ఆమె మేరీలాండు ప్రతినిధుల సభకు ఎన్నికైరి. 2014లో మరల గెలిచిరి. 141 మంది సభ్యులు గల ఆ సభ ఏటా జనవరిలో మొదలై తొంబది దినములు జరుగును. కావున పెక్కుమంది సభ్యులకు వేఱు వృత్తి యుండును. ఈమెయు 2015 వఱకు ఇంజనీరు కొలువు విడువలేదు. రోడ్డుపై గుంట యెచ్చటనున్నదో యెఱిగినవారే రోడ్ల పద్దుపై ఓటు వేయుట మాకు మిక్కిలి నచ్చిన విషయము. 2018లో కాంగ్రెసు సభకు పోవదలచి, తమ పార్టీలోని అభ్యర్థి యెన్నికలోనే ఓడిరి. 2022లో లెఫ్టినెంటు గవర్నరుగా గెలిచి, 2023 జనవరి 18న భగవద్గీతపై ప్రమాణము చేసిరి. వలస వచ్చినవారికి ఆ పదవి దక్కుట మేరీలాండున అదియే మొదలు.

“అంతయు ఆంగ్లము చలువయే గదా!” అని ఒక తండ్రి యనవచ్చును. కొంత నిజమే. కాని ఆ బాలికకు వేఱు త్రోవ లేకుండెను. మన పిల్లలకు కలదు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింపుమని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. మేము ఆమెలో చూచునది వేఱు. ఆమెకు ఓటు వేసినవారిలో తెలుగెఱిగినవారు బహు కొలదిమంది. ఆ నేలవారి భాషలో వారి కష్టమును మాటలాడినందుననే వారు ఆమెను పంపిరి.

ఇచ్చట మన లోపము ఒప్పుకొనవలెను. ఒడియాను పరీక్ష గట్టెక్కుటకు చదువుదుము; కువి, సవర పలుకులు సంతలో బేరమునకు మాత్రమే నేర్తుము. పొరుగుననున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారు సవరల భాష నేర్చి, వారి పిల్లలకు పుస్తకములు వ్రాసిరి. అందువలన వారి తెలుగు తఱిగిపోలేదు. (వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుని ఇట్టి గ్రాంథికమున స్మరించుటకు వారు నవ్వుకొందురేమో!) అధికార భాషలోగాని, హిందీ, ఆంగ్లములలోగాని చక్కగా మాటలాడజాలని శాసనసభ్యుడు మాతృభాషలో ప్రసంగించుటకు సభాపతి అనుమతింపవచ్చునని 210వ అధికరణమున కలదు. వెసులుబాటు మంచిదే. కాని దానినే నమ్ముకొని భువనేశ్వరము పోయిన సభ్యుని మాట ఆ సభలో ఎందఱికి తెలియును?

విద్యార్థులారా, ఈ వానకాలమున మీ యింటినుండి బడివఱకు గల త్రోవను కొలిచి పటము గీయుడు. నీరెచ్చట నిలుచును, చిన్నపిల్లలు లారీలకు వెఱచి ఎచ్చట ఆగుదురు, ఏ వాగు పొంగినచో ఏ పల్లె పిల్లలు బడి మానుదురు, అన్నియు గుర్తింపుడు. అధికారులకిచ్చు అర్జీ ఒడియాలో నుండవలెను. తప్పులు దిద్దుటకు మన ఒడియా ఉపాధ్యాయులు సిద్ధముగా నున్నారు. పటమును, దాని తెలుగు వివరణమును వచ్చు సంచికలో అచ్చువేయుదుము.