గంటము, కుంచె, మన చేతివ్రాత

జపాను దేశపు చెక్క అచ్చు చిత్రములలో సురిమొనో యను నొక జాతి గలదు. ఇవి అంగడిలో అమ్ముటకు చేసినవి కావు. కవితాగోష్ఠులవారు తమ సొమ్ముతో అచ్చు వేయించి, ముఖ్యముగ నూతన సంవత్సరమునాడు, మిత్రులకు పంచుకొనెడివారు. హొకుసాయి (1760–1849) వంటి మహాచిత్రకారులును వీనిని రచించిరి. కొన్నిటియందు రాజులు లేరు, యుద్ధములు లేవు. ఒక కుంచె, సిరా నూరు రాయి, కొన్ని కాగితములు, ప్రక్కన కవిత, అంతియే. ఆ అక్షరములను చెక్కిన విధము విద్యార్థులు తెలిసికొనదగినది. పలుచని కాగితముపై వ్రాసినదానిని చెర్రీ చెక్కకు బోరగిల అంటించి, అక్షరము చుట్టునున్న చెక్కను ఉలితో తొలగింతురు. కుంచె తడి యారుచు వదలిన సన్నని గీత సైతము ఉలిమొనకు చిక్కవలసినదే.

వ్రాత పరికరములకు మనలో ఇట్టి చిత్రపటములు అరుదు. చిత్రగుప్తుని చేతిలో కలమును జూచి భయపడుటయే మనకు అలవాటు! కాని గంటమునకు గల చరిత్ర కుంచె చరిత్రకు తీసిపోదు. మన పూర్వులు ఎడమచేత తాటియాకు పట్టి, ఆ బొటనవ్రేలి గోటి నొక్కునందు ఇనుపగంటము నానించి, అక్షరమును గీచెడివారు. గీచినప్పుడు అది సరిగ కంటికి కానరాదు. మసి పూసి తుడిచిన పిమ్మటనే నల్లగ తేలును. అడ్డగీతలకు ఆకు చీలును గనుకనే మన అక్షరములు గుండ్రనైనవని పెద్దలు చెప్పుదురు. ఈ మైసూరు సీమలో బట్టకు చింతగింజల అంబలియు బొగ్గుపొడియు పూసి, నల్లని మడత పుస్తకముగ జేసి, బలపముతో వ్రాసికొనెడివారు. దీనిని కన్నడిగులు కడత మందురు.

కన్నడ లిపియు తెలుగు లిపియు ఒక్క తల్లి బిడ్డలు. తెలుగు తలకట్టు ఉపాధ్యాయులు సరియైన జవాబునకు పెట్టు టిక్కు గుర్తువలె పైకి లేచును; కన్నడపు తలకట్టు అడ్డముగ సాగి కొనయందు వంగును. బెంగళూరు వీధులలో అంగళ్ల పేర్లు చదువుకొనుచు పోవు మన బాలునకు ఈ భేదము చేతివ్రాతలోనే వంటబట్టును గాని, మీటలు నొక్కిన రాదు. నేడు పలు ఇండ్లలో తెలుగు మాటాడుదురు. చరవాణిలో మాత్రము దానిని ఆంగ్లాక్షరములతో కొట్టుదురు. చిత్తూరునుండి అమ్మమ్మ వ్రాసిన ఉత్తరమును మనుమరాలికి ఇంకొకరు చదివి వినిపింపవలసి వచ్చుట చిన్న నష్టమా?

మహానవమినాడు ఈ నగరమున బస్సులకు, యంత్రములకు పూలదండలు వేసి, బూడిదగుమ్మడి కాయలు పగులగొట్టుదురు. మన పిల్లలు పుస్తకములను, కలములను సరస్వతి పటము ముందుంచి, ఆ దినము చదువు తప్పినదని సంతోషింతురు. మరునాడు వానిని తీసి సంచిలో పెట్టుదురు. పూజ మంచిదే, అంతటితో ఆగుట నాకు నచ్చదు. జపానులో జనవరి 2వ తేదీన కకిజొమె యను ఆచారము గలదు. ఆనాడు ఆబాలవృద్ధము కుంచె పట్టి సంవత్సరపు తొలివ్రాత వ్రాయుదురు. ఆ కాగితములను తరువాత మంటలో వేయగా, కాలుచున్న కాగితము ఎంత పైకెగిరిన చేతివ్రాత అంత బాగుపడునని వారి నమ్మకము.

ఇది పరదేశపు అనుకరణ యని కొందరు అనవచ్చును. బియ్యములో బిడ్డ వ్రేలు పట్టి అక్షరము దిద్దించుట మనదే కదా! బాసర జ్ఞానసరస్వతి సన్నిధికి నేటికిని అక్షరాభ్యాసమునకై బిడ్డలను తీసికొని పోవుచున్నారు. మనము దానిని జన్మకొక్కసారి చేసి మరచుచున్నాము. వారు ఏటేట చేయుచున్నారు. భేదమంతయు అందే గలదు.

విజయదశమికి పాఠశాల సెలవు గనుక ఇది ఇంటిలో జరుగవలసిన పని. తల్లిదండ్రులారా, పటము ముందునుండి తీసిన కలమును సంచిలో పెట్టనీయకుడు. ఒక తెల్లకాగితముపై నాలుగు తెలుగు పంక్తులు వ్రాయించి, మీరును వ్రాయుడు. సెలవుల పిమ్మట పిల్లలు ఆ కాగితములను తెచ్చినచో, వసారాలో దారము కట్టి వరుసగ వ్రేలాడదీయవచ్చును. బహుమతులు వలదు, మార్కులు వలదు.